పేగు బొమ్మలు, నేను, మేరీ సుగుణ

రేడియాలజీలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను ఎక్కడ చూసినా ఒకటే అడుగుతారు. పేగు క్యాన్సర్ బొమ్మలు అంత బాగా చదవడం ఎలా నేర్చుకున్నారు మేడం, అని. పుస్తకాలు చదివాను, పెద్దల దగ్గర కూర్చున్నాను అని చెప్పి పంపించేదాన్ని. ఇప్పుడు రిటైరయ్యాను, ఎవరి మొహమాటమూ లేదు కాబట్టి అసలు సంగతి రాస్తున్నాను. నేను కుళ్లుకుని నేర్చుకున్నాను. పక్క కుర్చీలో మేరీ సుగుణ లేకపోతే నాకు వచ్చిన విద్యలో సగం కూడా వచ్చేది కాదు.

సుగుణది బెళుగుప్ప వైపు. అమ్మానాయనలు కూలికి పోయి చదివించారు. నాది కదిరి. మా నాయన వేరుశెనగ మండీలో గుమాస్తా. ఇద్దరమూ ఒకే ఏడు అనంతపురంలో ఒకే ఆసుపత్రిలో చేరాం, ఒకే చీకటి గదిలో పక్కపక్కన కూర్చుని ముసలివాళ్లమయ్యాం. మనిషి మంచిది. నా బాధ కూడా అదే. చెడ్డదైతే నలుగురితో చెప్పుకుని గుండె బరువు దించుకునేదాన్ని.

పెద్దసారు

మా మొదటి అధికారిని అందరూ పెద్దసారు అనేవాళ్లు. ఆయన పదోన్నతులు, సెలవుల గొడవలు నాకు గుర్తు లేవు, ఆయన పెట్టిన ఒక పద్ధతి మాత్రం గుర్తుంది. ఒకే రోగి బొమ్మలు మా ఇద్దరికీ విడివిడిగా ఇచ్చేవాడు. ఇద్దరం రాసిన రిపోర్టులు పేర్లు తీసేసి పైకి చదివేవాడు. నాది ఒక పేజీ వచ్చేది. సుగుణది నాలుగు లైన్లు. ఎవరిదేదో ఆయనకు చెప్పక్కర్లేకుండానే తెలిసేది.

"ఏమ్మా పద్మా, 'అనుమానాస్పదంగా ఉంది' అని రాసినావే, ఎవరి మీదమ్మా నీ అనుమానం? గడ్డ మీదనా, మిషన్ మీదనా, నీ మీదనా? సర్జన్‌కు తెలియాల కదా" అన్నాడు ఒకసారి.

సుగుణ నవ్వలేదు. అది ఇంకా మండింది. నవ్వి ఉంటే పగ పట్టడానికి ఒక కారణమైనా దొరికేది.

పిల్లలూ, పెద్దసారు మాట మీకు పనికొస్తుంది. మన రిపోర్టు చదివేవాడు చేతిలో కత్తి పట్టుకుని నిలబడి ఉంటాడు. గడ్డ ఎంత ఉంది, ఎక్కడ ఉంది, దేన్ని తాకింది, దేన్ని తాకలేదు, ఇవి చెబితే చాలు. మన చదువు ఎంతో వాడికి అక్కర్లేదు. ఆ సంగతి నాకు ఎక్కడానికి చాలా కాలం పట్టింది. ఎక్కింది కూడా, సుగుణ నాలుగు లైన్లను నేను మూడింటికి తేవాలన్న పంతం వల్ల.

ఒక్కపొద్దు

పేగు క్యాన్సర్ బొమ్మల మీద డాక్టర్లకు శిక్షణ తరగతులు మా ఊళ్లో మొదలుపెట్టింది నేను. ఇది స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు ఎవరిని అడిగినా సుగుణ మేడం వర్క్‌షాప్ అంటారు. చుట్టుపక్కల జిల్లాల్లో, బళ్లారి వైపు, కొత్తగా స్కానింగ్ సెంటర్లు వచ్చాయి. మిషన్లు ఉన్నాయి, పేగును చదివేవాళ్లు లేరు. రక్తం పడుతోందని రోగి వస్తే మొలలని మందిచ్చి పంపేవాళ్లు. చివరికి మా దగ్గరికి వచ్చేసరికి గడ్డ ముదిరి ఉండేది. అందుకని హోటల్లో హాలు మాట్లాడి, రెండు రోజుల తరగతులు పెట్టి, ఒక గంట పాఠం చెప్పమని సుగుణను నేనే పిలిచాను. ఆ పిలుపు ఇప్పటికీ తలుచుకుంటాను.

ఆ మొదటి తరగతుల్లో ఒక రోగికి పొద్దున పేగు సీటీ తీసి, ఆయన్నూ వెంట తెచ్చి, ఆ బొమ్మలు హాల్లో తెర మీద చూపించాం. ఈ పరీక్షకు పేగు ఖాళీగా ఉండాలి. ముందురోజు నీళ్లలాంటివే తాగాలి, భేదిమందు వేసుకోవాలి. తర్వాత పేగులోకి గాలి పంపి, వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి బొమ్మ తీస్తారు. తెర మీద చూస్తే పేగు గోడ నిండా చిన్న చిన్న బుడిపెలు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఇన్ని బుడిపెలు ఉన్న పేగు మా జిల్లాలోనే పుట్టిందా అన్నాడొకాయన.

నేను వేదిక మీద నుంచి చెప్పాను. "వెల్లకిలా బొమ్మలో ఇవి ఒక గోడకు ఉన్నాయి, బోర్లా బొమ్మలో ఎదురు గోడకు పోయాయి. నిజమైన బుడిపె గోడను వదిలి అంత దూరం పోదు. ఇవి తిండి ముక్కలు." నూటికి నూరుపాళ్లు సరైన మాట. ఎవరూ తల కూడా ఊపలేదు.

సుగుణ లేచి బయటికి పోయింది. ఆ రోగి ఓబులేసు అని, బెళుగుప్ప రైతు, వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ను హాల్లోకి పిలుచుకొచ్చి మైకు చేతికిచ్చింది.

"ఏమప్పా, నిన్న ఏం తిన్నావు?"

"ఏం తినలేదు మేడం. నర్సమ్మ ఒక్కపొద్దు ఉండమన్యాది. ఉన్నా."

"ఒక్కపొద్దంటే మీ ఇంట్లో ఏం తింటారు?"

"అన్నం ముట్టము. శెనక్కాయలు ఉడకేసుకోని, ఇంత బెల్లము. అంతే మేడం. దేవుని మీద ఆన."

హాలు నవ్వుతో నిండిపోయింది. ఓబులేసు కూడా నవ్వాడు, తన వల్ల ఇంతమంది సంతోషపడుతున్నారని. సుగుణ తెర వైపు తిరిగి, "ఇదో, ఇవి శెనక్కాయలు. గడ్డలు కావు. మీరు పేగు చదివేముందు మనిషిని చదవాల" అంది. చప్పట్లు ఆగలేదు.

మా వైపు ఉపవాసమంటే అన్నం మానడమే గానీ తిండి మానడం కాదు. కదిరిలో పుట్టిన నాకు ఆ సంగతి తెలియదా? శనివారం ఒక్కపొద్దులు నేనూ ఉన్నాను. కానీ నేను ఇంగ్లీషు స్లైడు పక్కన నిలబడి ఉన్నాను, ఆమె రైతు పక్కన నిలబడింది. ముక్కలు కదిలాయని చెప్పింది నేను. ఆ మాట ఎవరికీ గుర్తు లేదు. ఒక్కపొద్దు కథ మాత్రం హైదరాబాదు దాకా పోయింది. ఆ తర్వాత ఎక్కడ వర్క్‌షాప్ పెట్టినా ఆ కథ చెప్పమని సుగుణను పిలిచేవాళ్లు. ప్రతిసారీ ఓబులేసు తిన్న శెనక్కాయలు కొంచెం పెరిగేవి.

కుర్చీ

తర్వాతి తరగతులకు ఆమె పాఠం రెండు గంటలైంది. ఆపైన ఆమెకు ఒక పూట, నాకు ఒక గంట. చివరికి ఆహ్వాన పత్రంలో ఆమె ఫోటో వచ్చింది, నా పేరు అడుగున "సహకారం" అన్న మాట పక్కకు చేరింది. హాలు మాట్లాడటం, భోజనాలు, మైకులు నావి. ఎవరూ నన్ను తోసెయ్యలేదు. అందరూ మర్యాదగానే అన్నారు, పద్మ మేడం లేకపోతే పని జరగదని. పని జరగడానికి నేను, వినడానికి ఆమె.

అసూయను దాచుకునే తెలివి నాకు లేదు. ఆమె మాట్లాడుతుంటే నేను ముందు వరుసలో కూర్చుని తప్పులు వెతికేదాన్ని. చెయ్యెత్తి సవరించేదాన్ని. కొన్నాళ్లకు నా చెయ్యి లేవగానే వెనక వరుసల్లో నవ్వు వినిపించేది. నాకు వినపడిందన్న సంగతి వాళ్లకు పట్టలేదు.

అయితే ఒక లాభం కూడా జరిగింది, దాన్ని దాచను. ఆమె ఎక్కడ చూస్తుందో నాకు కంఠతా వచ్చింది కాబట్టి, ఆమె చూడని చోట్లు చూడటం అలవాటైంది. ఎమ్మారై బొమ్మల పక్కన మూలన ఒక చిన్న బొమ్మ ఉంటుంది. మిగతా బొమ్మలు ఏ కోణంలో కోశారో దాని మీద గీతలు చెబుతాయి. సుగుణ దాన్ని చూడదు. అసలు బొమ్మను చూసి ఠక్కున చెబుతుంది, దాదాపు ఎప్పుడూ సరిగ్గానే చెబుతుంది. నేను మొదట ఆ గీతలే చూస్తాను. పిల్లలూ, మీరూ అదే చూడండి. మీ కారణం నా కారణం కాకపోయినా ఫరవాలేదు.

రామాంజనేయులు

ధర్మవరం నుంచి వచ్చిన రామాంజనేయులు పట్టుచీరలు నేసేవాడు. మలద్వారానికి బాగా దగ్గరలో గడ్డ. రేడియేషన్ కరెంటు పెట్టారు, మందులు ఎక్కించారు. గడ్డ ఎంత తగ్గి మచ్చగా మిగిలిందో చూడటానికి మళ్లీ ఎమ్మారైకి వచ్చాడు. మిషన్ ఎక్కే ముందు వేసే సూది ఆలస్యమై వరండాలో కూర్చుంటే నేను పలకరించాను.

ఆయనకు భయం గడ్డ గురించి కాదు. గడ్డ మలద్వారాన్ని బిగించి పట్టే కండరం దాకా పాకి ఉంటే, ఆ కండరంతో సహా తీసేసి పొట్టకు ఎడమ పక్కన శాశ్వతంగా సంచి పెడతారు. పాకకపోతే పేగును కలిపి కుట్టవచ్చు. సంచితో ఎంతోమంది నిబ్బరంగా బతుకుతున్నారు, బండ్లు నడుపుతున్నారు, సేద్యం చేస్తున్నారు. అది చెప్పాను.

"చేస్తారు మేడం, కాదనను" అన్నాడు. "నాది గుంట మగ్గం. కాళ్లు గుంటలో పెట్టుకోని కూసుంటాము. నేసిన చీర చుట్టుకునే కర్ర ఇదో, ఈడ, పొట్టకు ఆనుకోని ఉంటాది. దినమంతా దాని మీదికి వంగాల. సంచి ఈడనే పెడితే నేను యాడ వంగేది?"

పక్కనున్న ఆయన భార్య లక్ష్మీదేవి అంది, "ఆయప్పకు ఇంకో పని రాదు మేడం. నేర్చుకునే వయసు కూడా కాదు."

ఆ ఎమ్మారైని ఆ వారమే జరిగిన వర్క్‌షాప్‌లో చర్చకు పెట్టారు. ఆపరేషన్ చెయ్యాల్సిన సర్జన్ డాక్టర్ ఇంతియాజ్ ముందు వరుసలో కూర్చున్నాడు. సుగుణ బొమ్మ చూసింది, బాణంతో చూపించింది.

"గడ్డ మచ్చ కండరంలోకి పోయింది. మధ్యలో సందు లేదు. సంచి తప్పదు."

ఇంతియాజ్ తల ఊపాడు. "సోమవారం పెట్టుకుంటాను" అన్నాడు.

నేను అప్పటికే మూలన ఉన్న చిన్న బొమ్మ చూశాను. గీతలు తిన్నగా లేవు. కీరదోసకాయను అడ్డంగా కోస్తే గుండ్రంగా వస్తుంది, ఏటవాలుగా కోస్తే కోలగా సాగుతుంది. పేగు కింద భాగం వంపు తిరిగి ఉంటుంది కాబట్టి ఆ వంపుకు సరిగ్గా అడ్డంగా కొయ్యాలి. ఇక్కడ ఏటవాలుగా కోశారు. అలా కోస్తే విడివిడిగా ఉన్న మచ్చా కండరమూ ఒకదానిలో ఒకటి కలిసినట్టు కనిపిస్తాయి. సందు లేదని ఈ బొమ్మ చూసి చెప్పలేం. ఉందనీ చెప్పలేం. మళ్లీ తీయాలి.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ముందు నాకు కలిగింది సంతోషం. సుగుణ తప్పు చెప్పింది, హాలు నిండా జనం ఉన్నారు, నాకు తెలుసు. చెయ్యెత్తాను. వెనక నుంచి ఆ నవ్వు వచ్చింది.

"కోణం సరిగ్గా లేదు, మళ్లీ తీయాలి" అన్నాను.

ఇంతియాజ్ నా వైపు తిరిగాడు. పాపం మంచి సర్జనే, మొహమాటం లేని మనిషి. "మేడం, మీ ఇద్దరి పంచాయితీ బయట పెట్టుకుందురు. రోగి మధ్యలో ఎందుకు?" అన్నాడు.

హాలు నవ్వింది. అధ్యక్షుడు తర్వాతి కేసు పిలిచాడు.

అప్పుడు అర్థమైంది. నా మాటకు విలువ పోయింది. నేను కుళ్లుబోతునని ఊరందరికీ తెలుసు కాబట్టి, నేను నిజం చెప్పినా అది కుళ్లుగానే వినిపిస్తుంది. నాకు పరువు పోతే పోయింది. రామాంజనేయులు పొట్ట మీద సోమవారం సంచి పడుతుంది.

వద్దులే

ఇంతియాజ్ వినే నోరు ఒకటే ఉంది. భోజనాల దగ్గర సుగుణను వెతికాను. ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటోంది. చుట్టూ పిల్ల డాక్టర్లు. వాళ్లను నేను పక్కకు పంపిన తీరు వాళ్లకు నచ్చి ఉండదు.

"సుగుణా, ఆ ధర్మవరం ఆయప్ప బొమ్మలో గీతలు చూసినావా?"

"ఏం గీతలే?"

"మూలది. ఏటవాలుగా కోసినారు. మళ్లా తీయించు."

ఆమె విస్తరి కింద పెట్టింది. "నా తప్పు పట్టుకున్న్యావు, సంతోషమే కదా నీకు?"

"సంతోషమే" అన్నాను. "అయినా నేను చెప్తే ఎవురు వింటాండారు? నువ్వు చెప్పు. నీకే తోచినట్టు చెప్పు."

సుగుణ నన్ను చాలాసేపు చూసింది. చెయ్యి కడుక్కుని ల్యాప్‌టాప్ దగ్గరికి పోయింది. చిన్న బొమ్మ పెద్దది చేసి చూసింది. ఫోన్ తీసి వార్డుకు చేసి, రామాంజనేయులును మళ్లీ మిషన్ మీదికి తీసుకురమ్మంది. ఏ కోణంలో కొయ్యాలో టెక్నీషియన్‌కు చెప్పమని ఫోన్ నా చేతికిచ్చింది. ఆ గౌరవం ఒకటి ఇచ్చింది.

సాయంత్రం కొత్త బొమ్మలు వచ్చాయి. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. మచ్చకూ కండరానికీ మధ్య సన్నని సందు, పై నుంచి కింది దాకా తెగకుండా ఉంది.

"నీ పేరు చెప్పేదా రేపు?" అంది సుగుణ.

"వద్దులే" అన్నాను.

మా వైపు వద్దులే అంటే ఏమిటో అందరికీ తెలుసు. విస్తరి ముందు వద్దులే అంటే ఇంకో గరిటె పడుతుంది. చుట్టం వద్దులే పోతాను అంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెడతారు. ఇంకోసారి అడుగుతుందని, రెండోసారి కూడా వద్దంటానని, మూడోసారి సరే నీ ఇష్టం అంటానని అన్నీ అనుకుని పెట్టుకున్నాను.

"సరే" అని సుగుణ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు వేదిక మీద నిలబడి చెప్పింది. "నిన్న నేను చెప్పింది తప్పు. కోణం చూసుకోలేదు. మళ్లీ తీయించినాను. కండరం బాగుండాది." పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చూపించింది. ఇంతియాజ్ లేచి నిలబడి, ఇంత పెద్దావిడ తన తప్పు తానే ఒప్పుకోవడం ఎక్కడా చూడలేదన్నాడు. హాలంతా లేచింది. తప్పు చేసి కూడా చప్పట్లు కొట్టించుకున్న మనిషిని నేను ఆమెను తప్ప ఎవరినీ చూడలేదు. ముందు వరుసలో నేనూ నిలబడి కొట్టాను. నా చేతులు నొప్పెట్టాయి.

మీరు పెద్దయ్యాక మీ పక్క కుర్చీలో కూడా ఒక సుగుణ ఉంటుంది. కుళ్లుకోవద్దని చెప్పను, చెప్పినా వినరు. కుళ్లుకోండి, కానీ నలుగురిలో ముందే అంతా ఖర్చు చేసుకోకండి. ఒక రోగి కోసం మీ మాట నమ్మించాల్సిన రోజు వస్తుంది. ఆ రోజుకు కొంచెం మర్యాద మిగుల్చుకోండి. నేను మిగుల్చుకోలేదు, అందుకే సుగుణ నోరు అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది.

చీర

ఇంతియాజ్ పేగు కలిపి కుట్టాడు. కొన్ని నెలలు తాత్కాలికంగా పొట్ట మీద వేరే దారి, దానికో సంచి పెట్టి, తర్వాత దాన్నీ మూసేశాడు. ఇప్పుడు పొట్ట మీద సంచి లేదు. మొదట్లో రోజుకు ఎన్నిసార్లు దొడ్డికి పోవాల్సి వచ్చేదో లెక్క లేదు, ఆ ఇబ్బంది ఇప్పటికీ కొంత ఉంది. అయినా మగ్గం ఎక్కాడు. మొదట నేసిన చీర తీసుకుని భార్యాభర్తలిద్దరూ ధర్మవరం నుంచి వచ్చారు. నా కుర్చీ దాటుకుంటూ సుగుణ దగ్గరికి పోయారు. "నమస్తే మేడం, బాగుండారా" అని లక్ష్మీదేవి నన్ను పలకరించింది. బాగున్నానన్నాను.

నా రిటైర్మెంట్ సభకు సుగుణ ఆ చీర కట్టుకొచ్చింది. వంకాయ రంగు, బంగారు అంచు. దండలు, మాటలు అయ్యాక అందరూ కాఫీల దగ్గరికి పోతే నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఈ చీర నీదే. నాకు తెలుసు" అంది.

నేను దాని అంచు పట్టుకుని చూశాను.

"అయినా ఇయ్యను. నాకు బాగుండాది. నువ్వు ఆ పొద్దు వద్దులే అన్న్యావు కదా."

"ఇంకోసారి అడగాల కదే" అన్నాను.

"అడిగింటే సరే అందువు. అందుకే అడగలేదు." కొంగు ఒళ్లో సర్దుకుంది. "నాకు మాత్రం కుళ్లు ఉండదా పద్మా? నువ్వు చూసే ఆ గీతలు నేను ఎన్నేండ్లు చూడలేదో."

ఆ మాట కోసం నేను ఇన్నేళ్లు పడిగాపులు కాశానని ఆమెకు తెలుసో తెలియదో. ఎవరూ లేని చోట, కప్పులు కడిగే చప్పుళ్ల మధ్య అంది. మైకు రెండడుగుల దూరంలోనే ఉంది, ఇంకా ఆపలేదు కూడా. దాన్ని చూశాను, ఆమెను చూశాను. నిజం చెప్పాలంటే ఆ రంగు నాకు నప్పేది కాదు. ఆమెకే బాగుంది.